ఒక్కటే చోటు

విశాఖపట్నంలో వేసవి క్రికెట్ శిబిరం జరుగుతుండగా ఒక సాయంత్రం కోచ్ గారు పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడిన మాటలివి. చాలా ఏళ్లు క్లబ్ క్రికెట్‌లో వికెట్ కీపింగ్ చేసిన మనిషి ఆయన. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

అందరికీ నమస్కారం. సముద్రం గాలి కదా, మైకులో హోరు వస్తోంది. వెనక ఉన్న అమ్మలు కాస్త ముందుకు రండి. కుర్చీలు జరుపుకోండి, పర్వాలేదు. పిల్లలు కింద కూర్చుంటారు.

ముందు ఒక ప్రశ్న. మీలో బ్యాట్స్‌మన్ అవుదామనుకుంటున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే. బౌలర్లు? సరే, సరే. కీపర్లు? ఒకటి... రెండు... ఆ చివరి పాప, నువ్వూనా? చెయ్యి దించకమ్మా, అందరినీ చూడనీ. ముగ్గురు. ఇంతమందిలో ముగ్గురు. ఇవాళ నేను మాట్లాడేది ఆ ముగ్గురి కోసం. మిగతావాళ్లు కూడా వినండి. బౌలర్లూ, మీరు మరీ వినండి. మీకు వచ్చే వికెట్లలో చాలా వీళ్ల చేతుల్లోనే పడతాయి.

పోయిన వారం ఒక తండ్రి నా దగ్గరికి వచ్చారు. ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను. "సార్, మావాడికి గ్లౌజులు ఇవ్వకండి, బ్యాటింగ్ మీద పెట్టండి. కీపర్‌కి జట్టులో ఒక్కటే చోటు. అది దొరక్కపోతే మావాడి సంగతేంటి?" అన్నారు. ఆ రోజు నేనేమీ చెప్పలేకపోయాను. ఏం చెబుతాను? ఆయన అడిగింది నిజం. జట్టులో బ్యాట్స్‌మన్లు ఐదారుగురు ఉంటారు. బౌలర్లు నలుగురో ఐదుగురో. ఒకడు ఫామ్‌లో లేకపోతే ఇంకొకడికి దారి దొరుకుతుంది. కీపర్ ఒక్కడే. ముందున్నవాడికి దెబ్బ తగలాలి, లేదంటే వాడు వరసగా విఫలమవ్వాలి. అప్పుడు గానీ రెండోవాడికి పిలుపు రాదు. ఇంకొకడి కష్టంలోంచి మన అవకాశం రావడం, అది మనసుకు బాగుండదు. కీపర్లందరికీ తెలుసు ఆ బాధ. అందుకే ఆ తండ్రి మాట మీద వారం రోజులుగా ఆలోచిస్తున్నాను.

మీకు పోచయ్య కృష్ణమూర్తి పేరు తెలుసా? పెద్దవాళ్లలో ఎవరైనా? ఇద్దరు తల ఊపారు. చాలు. 1971లో మన జట్టు వెస్టిండీస్ వెళ్లింది. గవాస్కర్‌కి అది తొలి సిరీస్, 774 పరుగులు కొట్టాడు. వెస్టిండీస్ గడ్డ మీద మనం మొదటిసారి సిరీస్ గెలిచింది అప్పుడే. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి ఎంతమంది ఉన్నారనుకున్నారు? జైసింహా, అబిద్ అలీ, జయంతిలాల్, గోవిందరాజ్, ఐదోవాడు కృష్ణమూర్తి. ఐదు టెస్టుల్లోనూ వికెట్ వెనక ఆయనే. మరి అప్పటి పెద్ద కీపర్ ఫరూఖ్ ఇంజనీర్ ఏమయ్యారు? ఆయన ఇంగ్లండ్‌లో లాంకషైర్‌కి ఆడుతున్నారు. ఇక్కడ దేశవాళీ మ్యాచ్‌లు ఆడలేదని ఆ టూర్‌కి తీసుకోలేదు. అలా దొరికింది కృష్ణమూర్తికి ఆ చోటు.

అదే ఏడాది ఎండాకాలంలో ఇంగ్లండ్ టూర్. ఇంజనీర్ తిరిగొచ్చారు. కృష్ణమూర్తి జట్టుతో పాటు వెళ్లారు గానీ టెస్టు ఆడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆడలేదు. 1976లో న్యూజిలాండ్‌లో ఒక్క వన్డే ఆడారు. అంతే. వరసగా ఐదు టెస్టులు, ముందొకటి లేదు, వెనకొకటి లేదు. చరిత్ర సృష్టించిన సిరీస్‌లో అన్ని మ్యాచ్‌లూ ఆడిన మన హైదరాబాద్ మనిషి పేరు ఇక్కడ ఇద్దరికి తెలుసు. నాకు బాధగా ఉంటుంది. అందుకే ఎక్కడ మైకు దొరికినా ఆయన పేరు ఒకసారి చెబుతాను.

ఆ ఇంగ్లండ్ టూర్‌లోనే ఇంకో కుర్రాడు ఉన్నాడు. బెంచీ మీద. సయ్యద్ కిర్మాణీ. చిన్నప్పుడు వీధిలో ఆడుకునేటప్పుడు గ్లౌజులు లేక ఇటుకలు పట్టుకుని కీపింగ్ చేశానని ఆయనే చెప్పుకున్నారు. ఇటుకలు! మా వేళ్లు నొప్పి పుడుతున్నాయి సార్ అని నిన్న ఎవరో అన్నారు, ఎవరది? సరేలే. కిర్మాణీకి మొదటి టెస్టు ఎప్పుడు దొరికింది? 1976 జనవరి, ఆక్లండ్. అంటే దాదాపు ఐదేళ్లు బెంచీ మీద, నెట్స్‌లో. ఆ ఐదేళ్లూ ఊరికే కూర్చున్నాడా? కూర్చుని ఉంటే రెండో టెస్టుకే, క్రైస్ట్‌చర్చ్‌లో, ఒక్క ఇన్నింగ్స్‌లో ఆరుగురిని అవుట్ చేయగలిగేవాడా? అప్పటికి అది ప్రపంచ రికార్డుతో సమానం. చివరికి 88 టెస్టులు, 198 మందిని అవుట్ చేశాడు. 1983 ప్రపంచకప్‌లో జింబాబ్వే మీద కపిల్ 175 కొట్టాడని అందరూ చెబుతారు. అవతలి వైపు 24 పరుగులతో చివరిదాకా నిలబడింది ఎవరు? కిర్మాణీయే. తొమ్మిదో వికెట్‌కి 126, విడిపోకుండా. ఫైనల్లో సంధూ బంతికి వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ బాకస్ ఎడ్జ్ ఇస్తే, అంటే బంతి బ్యాట్ అంచుకి తగిలితే, కుడివైపు దూకి పట్టిన క్యాచ్ ఇంటికెళ్లి చూడండి. ఫోన్‌లో దొరుకుతుంది.

ఇంకో సంగతి. 1999 నుంచి 2004 మధ్య ఆ ఒక్క చోటులో ఎంతమంది కూర్చుని లేచారో లెక్కపెట్టండి. మన గుంటూరు ఎంఎస్‌కే ప్రసాద్, సబా కరీం, సమీర్ దిఘే, దీప్ దాస్‌గుప్తా, అజయ్ రాత్రా, పార్థివ్ పటేల్, దినేశ్ కార్తీక్. వన్డేల్లో ద్రవిడ్‌తోనే కీపింగ్ చేయించారు, ఒక బ్యాట్స్‌మన్ ఎక్కువ ఉంటాడని. ప్రసాద్‌కి దొరికినవి 6 టెస్టులు, 17 వన్డేలు. ఆ తర్వాత ధోని వచ్చాడు. 2005 ఏప్రిల్ 5న, మన మధురవాడ స్టేడియంలోనే, పాకిస్తాన్ మీద 148. ఇక్కడున్న పెద్దవాళ్లలో ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లు ఉంటారు. నాకు ఆ అరుపులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. టెస్టుల్లో 2014 చివరిదాకా ఆ కుర్చీ ఆయనదే. అంటే ఆయన వయసు కీపర్లు ఎంత బాగా ఆడినా, ఇంచుమించు తొమ్మిదేళ్లు తలుపు మూసే ఉంది.

ఇప్పుడు పని గురించి చెబుతాను. ఇదే నాకు ఇష్టమైన భాగం.

టెస్టు మ్యాచ్‌లో రోజుకి 90 ఓవర్లు. 90 ఆరులు ఎంత? 540. కీపర్ 540 సార్లు గొంతుకూర్చుని లేవాలి. బాబూ, నువ్వు లే. గొంతుకూర్చో. లే. మళ్లీ. మళ్లీ. పది చాలు, కూర్చో. తొడలు లాగుతున్నాయా? ఇంకా 530 ఉన్నాయి. అందులో బ్యాట్స్‌మన్ వదిలేసిన బంతులు, బ్యాట్‌కి తగిలి వెళ్లిపోయిన బంతులు, అన్నిటికీ నువ్వు అదే శ్రద్ధతో లేవాలి. ఎందుకంటే ఎడ్జ్ ఏ బంతికి వస్తుందో నీకు తెలీదు. పొద్దున్నుంచి రాని ఎడ్జ్ 412వ బంతికి రావచ్చు. అప్పుడు నీ చేతులు వంద శాతం మెలకువగా ఉండాలి.

ఫాస్ట్ బౌలర్‌కి వెనక నిలబడటం ఒక ఎత్తు. స్పిన్నర్‌కి స్టంప్స్ దగ్గర నిలబడటం ఇంకో ఎత్తు. అక్కడ కీపర్‌కి బంతి చివరి దాకా కనపడదు. బ్యాట్స్‌మన్ ఒళ్లు అడ్డం, బ్యాట్ అడ్డం, ప్యాడ్లు అడ్డం. లెగ్ సైడ్ అయితే ఒక్క క్షణం పూర్తిగా గుడ్డితనమే. బంతి ఎక్కడికొస్తుందో చూసి కాదు, ఊహించి వెళ్లాలి. దానికి బౌలర్ చెయ్యి చదవాలి. నేను పిల్లలకి మొదటి రోజు చెప్పేది ఒక్కటే. బంతితో పాటే లే. ముందు లేచావా, కింద ఉండిపోయిన బంతి నీ కాళ్ల మధ్యలోంచి పోతుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ఇప్పుడే మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మన భరత్ గురించి చెప్పాలి. కోన శ్రీకర్ భరత్. ఈ ఊరి కుర్రాడు. ధోని 148 కొట్టిన రోజు బౌండరీ దగ్గర బంతులందిస్తున్న బాల్ బాయ్స్‌లో ఒకడు. అప్పటికి పదకొండేళ్లు. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్ కీపర్ అతనే. మన విశాఖ వాడు! 2019 చివర్లో భారత జట్టు నుంచి మొదటిసారి పిలుపొచ్చింది. జట్టులోకి పిలుపు అంటే ఆడటం అనుకున్నారా? కాదు. ముందు పంత్ ఉన్నాడు, సాహా ఉన్నాడు. భరత్ పని ఏంటి? అందరితో పాటు ప్రాక్టీస్ చెయ్యడం, డ్రింక్స్ ఇవ్వడం, మళ్లీ బ్యాగు సర్దుకోవడం. ఊరు మారుతుంది, హోటల్ మారుతుంది, పని అదే.

అందరికీ గుర్తున్నది ఆ ఐపీఎల్ సిక్సర్ కదా? 2021 అక్టోబర్, దుబాయ్, ఢిల్లీ మీద ఆఖరి బంతికి అవేశ్ ఖాన్‌ని కొట్టిన సిక్స్. బెంగళూరు గెలిచింది. చాలా బాగుంది, నేనూ ఎగిరి గంతేశాను. కానీ కీపర్‌గా నాకు గుర్తుండిపోయింది ఆ సిక్సర్ కాదు. నెలన్నర తర్వాత కాన్పూర్‌లో జరిగింది.

2021 నవంబర్, న్యూజిలాండ్‌తో టెస్టు, మూడో రోజు పొద్దున. సాహాకి మెడ పట్టేసింది. భరత్‌ని కీపింగ్‌కి దిగమన్నారు. ఆడే పదకొండు మందిలో లేడు, సబ్‌స్టిట్యూట్, అంటే ఇంకొకడి బదులు దిగినవాడు. 2017కి ముందైతే మామూలుగా అదీ కుదిరేది కాదు. నిబంధన మార్చాక, అంపైర్లు ఒప్పుకుంటే సబ్‌స్టిట్యూట్ కీపింగ్ చెయ్యొచ్చు. ఒక్కసారి ఆలోచించండి. రాత్రి పడుకునేటప్పుడు రేపు ఆడతానని తెలీదు. పిచ్ ఎలాంటిది? బంతి తిరుగుతోంది, అప్పుడప్పుడు కింద ఉండిపోతోంది. బౌలర్లు ఎవరు? అశ్విన్, జడేజా, అక్షర్. అవతల ఓపెనర్లు లాథమ్, యంగ్ ఇద్దరూ వికెట్ ఇవ్వకుండా కుదురుకుపోయారు. 151 దాకా వెళ్లింది భాగస్వామ్యం.

అప్పుడు అశ్విన్ బంతి. కింద ఉండిపోయింది. యంగ్ వెనక్కి ఆడబోయాడు. సన్నటి ఎడ్జ్. ఇందాక ఏం చెప్పాను? బంతితో పాటే లే. భరత్ ముందు లేవలేదు. చేతులు నేల దగ్గరే ఉన్నాయి. మోకాలి కంటే కింద, ఇదిగో ఇంత ఎత్తులో పట్టాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు. భరత్ ఊరుకున్నాడా? కెప్టెన్ రహానే దగ్గరికి వెళ్లి తగిలింది, రివ్యూ తీసుకోండి అని ఒప్పించాడు. పదకొండు మందిలో లేని కుర్రాడు, ఆ పొద్దున్నే దిగినవాడు, కెప్టెన్‌ని ఒప్పిస్తున్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందా ధైర్యం? విన్నాడు కాబట్టి, చేతుల్లో తెలిసింది కాబట్టి. రివ్యూ తీసుకున్నారు, తగిలింది. యంగ్ 89కి అవుట్. తర్వాత అక్షర్ బౌలింగ్‌లో టేలర్ క్యాచ్. ఆ తర్వాత లాథమ్, 95 మీద ఉన్నాడు, ముందుకొచ్చి తప్పాడు, గీత బయట ఉండగానే భరత్ వికెట్లు పడగొట్టాడు, స్టంపింగ్. ముగ్గురు పెద్ద బ్యాట్స్‌మన్లు.

స్కోర్‌కార్డులో అవుట్ చేసినవాడి పేరు పక్కన ఏమని రాస్తారో తెలుసా? సబ్. అంతే. భరత్ అప్పటికి టెస్టు ఆడినట్టు కాదు. ఆ మూడూ అతని లెక్కలోకి రావు. సబ్‌స్టిట్యూట్ ఖాతా. నేను ఆ స్కోర్‌కార్డు కాగితం మీద ప్రింటు తీసి దాచుకున్నాను. మా కీపర్ పిల్లలకి చూపిస్తాను.

అసలైన టెస్టు 2023 ఫిబ్రవరిలో, నాగ్‌పూర్‌లో, ఆస్ట్రేలియా మీద వచ్చింది. ఎలా వచ్చింది? పంత్‌కి ఘోరమైన కారు ప్రమాదం జరిగింది. మొదట్లో చెప్పాను కదా, ఇంకొకడి కష్టంలోంచి మన అవకాశం అని. దాన్ని భరత్ కోరుకోలేదు, ఎవరూ కోరుకోరు. వచ్చింది. జడేజా బంతికి లాబుషేన్ ముందుకొచ్చి బోల్తా పడ్డాడు, భరత్ బెయిల్స్ లేపేశాడు. లాబుషేన్ 49. ఈసారి స్కోర్‌కార్డులో సొంత పేరు పడింది. ఢిల్లీలో పుజారాతో కలిసి 23 నాటౌట్‌గా మ్యాచ్ ముగించాడు. అహ్మదాబాద్‌లో 44. ఓవల్‌లో టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. తర్వాత వెస్టిండీస్ టూర్‌లో ఇషాన్ కిషన్‌ని ఆడించారు. 2024 జనవరిలో హైదరాబాద్ ఉప్పల్‌లో ఇంగ్లండ్ మీద మళ్లీ భరత్. 41 కొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో 231 కావాలి, 119కి 7 పడ్డాయి, భరత్, అశ్విన్ 57 జోడించారు. గెలుస్తామనే అనుకున్నాను, టీవీ ముందు టెన్షన్‌తో లేచి నిలబడ్డాను. 28 దగ్గర భరత్ బౌల్డ్. 28 పరుగులతో ఓడిపోయాం. చివరి రెండు వికెట్లూ ఇంగ్లండ్ కీపర్ ఫోక్స్ చేసిన స్టంపింగులే. ఓడిపోయిన బాధలో కూడా ఆ చేతుల్ని చూసి దండం పెట్టాలనిపించింది.

తర్వాతి టెస్టు ఎక్కడ? ఇక్కడే. మన విశాఖలో. బాల్ బాయ్‌గా బంతులందించిన గ్రౌండ్‌లోనే భారత జట్టు టోపీ పెట్టుకుని. మనం గెలిచాం. భరత్ 17, 6 చేశాడు. ఆ తర్వాత రాజ్‌కోట్‌లో ధ్రువ్ జురెల్ వచ్చాడు, రాంచీలో 90 కొట్టి మ్యాచ్ గెలిపించాడు. కుర్చీ మారింది.

భరత్ 7 టెస్టుల్లో చేసింది 221 పరుగులు. సగటు 20. నేను దాన్ని దాచను. ఒకప్పుడు కీపర్‌ని చేతులు చూసి తీసుకునేవాళ్లు. ఆస్ట్రేలియా కీపర్ గిల్‌క్రిస్ట్ ఏడో నంబర్‌లో వచ్చి 17 టెస్టు సెంచరీలు కొట్టాక, ధోని వచ్చాక, ఇప్పుడు ముందు బ్యాట్ చూస్తున్నారు. ఇది తప్పని నేను అనను, మ్యాచ్ గెలవాలంటే పరుగులు కావాలి. నాకు నొప్పి ఎక్కడంటే, తిరిగే పిచ్ మీద రోజంతా వికెట్ వెనక చేసిన పనికి అంకె లేదు. పట్టిన క్యాచ్‌కి అంకె ఉంది, ఇచ్చిన బైస్‌కి, అంటే కీపర్ వదిలేసిన బంతికి వచ్చే పరుగులకి, అంకె ఉంది. ఆపిన బైస్‌కి ఏది? లెగ్ సైడ్ వైడ్‌ని ఆపి నాలుగు పరుగులు మిగిల్చినవాడికి ఎక్కడ రాస్తారు? మనమైనా చూడాలి. మ్యాచ్ చూసేటప్పుడు ఒక్క ఓవర్, ఒకే ఒక్క ఓవర్, బ్యాట్స్‌మన్‌ని వదిలేసి కీపర్‌నే చూడండి. ఇవాళ రాత్రి మ్యాచ్ ఉంటే అది చెయ్యండి.

ఇక ఆ తండ్రి గారికి. సార్, మీవాడికి ఆ ఒక్క చోటు దొరుకుతుందని నేను మాట ఇవ్వలేను. జిల్లా జట్టులో కూడా ఇవ్వలేను. నేను ఆ చోటు కోసం జోన్ దాకా వెళ్లి తిరిగొచ్చినవాడిని. ఒక మ్యాచ్‌లో నేను వదిలేసిన క్యాచ్ ఒకటుంది, తేలిక క్యాచ్, ఛాతీ ఎత్తులో వచ్చింది. ఇన్నేళ్లయినా కొన్ని రాత్రులు ఆ బంతి వస్తుంది, మళ్లీ జారిపోతుంది. ఆ బతుకు ఇలాగే ఉంటుంది. అయినా మీవాడిని నెల రోజులుగా చూస్తున్నాను. వాడు బ్యాటింగ్‌కి క్యూలో నిలబడినప్పుడు కూడా కీపర్ వైపే చూస్తాడు. ఎవరూ చెప్పకుండానే బంతితో పాటు లేస్తున్నాడు, క్యూలో నిలబడే! రోజూ రెండు గంటలు బ్యాటింగ్ చేయిస్తాను, అది నా బాధ్యత, కాలం అలాంటిది. కానీ గ్లౌజులు మాత్రం వాడి దగ్గర నుంచి తియ్యమనకండి. ఆలోచించి చెప్పండి, తొందర లేదు.

ఆ పాప ఇంకా చెయ్యి ఎత్తే ఉంది. అడుగమ్మా. గట్టిగా. "బంతి తగిలితే నొప్పి పుడుతుందా సార్?" పుడుతుంది తల్లీ. మొదట్లో బాగా పుడుతుంది. 2025లో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచారు కదా, వికెట్ వెనక ఎవరున్నారు? రిచా ఘోష్. మన కడప జిల్లా శ్రీచరణి బౌలింగ్‌కి కీపింగ్ చేసింది ఆమే. ఆమెక్కూడా పుట్టే ఉంటుంది.

ఇలా రా. అరచెయ్యి చూపించు. బంతి ఇక్కడ, మధ్యలో తగిలితే చురుక్కుమంటుంది, ఎగిరి బయటికి పోతుంది. వేళ్ల చివర తగిలితే ఇదిగో, నా ఉంగరం వేలిలా వంకర తిరుగుతుంది. పట్టుకుని చూడు, ఏమీ కాదు. ఎక్కడ పట్టాలి? ఇక్కడ, వేళ్ల మొదట్లో. వేళ్లు నేల వైపు. బంతి తగిలేటప్పుడు చేతులు ఇలా కొంచెం వెనక్కి రావాలి, చంటిపిల్లని అందుకున్నట్టు. ఆఁ, అలాగే. ఇంకొంచెం మెత్తగా. రేపు పొద్దున ఆరింటికి రా, గ్లౌజులు వద్దు. టెన్నిస్ బంతితో గోడ దగ్గర మొదలుపెడదాం. మీ ఇద్దరూ కూడా రండి.